నీటి రాకెట్ల శిబిరం: జమా ఖర్చుల వివరణ

చందాలు ఇచ్చిన అందరికీ నమస్కారం. వేసవి సెలవుల్లో కోవూరులో రెండు ఆదివారాలు 48 మంది పిల్లల చేత నీటి రాకెట్లు, అంటే కొంత నీళ్లు పోసి గాలి కొట్టి ఎగరేసే బాటిళ్లు, చేయించాం. ఆ లెక్క ఇది.

జమ: పాత నిల్వ 1,140 రూపాయలు, 41 ఇళ్ల చందా 9,350, పూర్వ విద్యార్థులు పంపినవి 6,000, పిల్లల దగ్గర తలా 20 చొప్పున 960. మొత్తం 17,450.

ఖర్చుల్లో పెద్దది టిఫిన్లు, మజ్జిగ: రెండు రోజులకు 4,300. ఎండపూట పిలకాయల్ని ఖాళీ కడుపుతో నిలబెట్టలేం కదా. షామియానా 1,500, ఆటో బాడుగ 900, మందుల పెట్టె 260.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిళ్లు కల్యాణ మండపం వాళ్లు ఉచితంగా మూటకట్టి ఇచ్చారు. రెక్కలకు షీట్లు, టేపు, కత్తెరలు 1,365. రబ్బరు రింగులు, సైకిల్ వాల్వులు, నైలాన్ ట్యాగులు 720. కళ్లకు రక్షణ అద్దాలు 20 జతలు 1,200.

రాకెట్లు ఎగరేసే స్టాండ్ల పైపులు, ఎల్బోలు, గమ్ 1,880. అందులో 540 మా తొందరపాటు వల్లే పోయింది. గమ్ రాసిన అతుకులు పూర్తిగా ఆరకముందే గాలి కొట్టి చూశాం. మొదటి స్టాండు అతుకు దగ్గర ఊడొచ్చింది. అప్పటికి పిల్లలెవరూ రాలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా అది మీరిచ్చిన డబ్బు. మన్నించండి. రెండో స్టాండును ఒక రోజంతా ఆరబెట్టాకే వాడాం.

మామూలు సైకిల్ పంపు చాలదా, మీటరున్న ఫుట్ పంపులు రెండింటికి 1,700 ఎందుకని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మీటరు ఉంటేనే ప్రతిసారీ గాలి ఒత్తిడిని మీటరులో 40 దగ్గర ఆపి, నీళ్లు మాత్రమే మార్చి చూడగలం. నీళ్లు లేని బాటిల్ కాస్త ఎగిరి పడింది. నిండా పోస్తే గాలికి చోటే లేక బరువుగా కూలబడింది. మూడో వంతు పోసినప్పుడు రివ్వున లేచింది. మనం మిద్దెల మీద నుంచి చూసే శ్రీహరికోట రాకెట్టు వేడి వాయువుల్ని కిందికి నెడుతుంది, ఈ బాటిల్ నీళ్లను నెడుతుంది. రెండూ న్యూటన్ మూడో సూత్రమే: దేన్ని కిందికి నెడితే అది అంతే బలంతో మనల్ని పైకి నెడుతుంది. కోణమానికి దారం, నట్టు కట్టి పిల్లలే ఎత్తు కొలిచారు. 30 మీటర్ల దూరంలో నిలబడి చూస్తే కోణం 45 డిగ్రీలు వస్తే, ఎత్తు కూడా 30 మీటర్లు, దానికి మన కంటి ఎత్తు కలుపుకోవాలి. ఆ పట్టికల జెరాక్సులకు 385 అయింది.

ఏడో తరగతి పాప ఒకరి రాకెట్టు గాల్లో పల్టీలు కొట్టింది. ఆ పాప బాటిల్‌ను బరువు సరితూగే చోట దారంతో కట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పింది. తోక ముందుకొచ్చింది, పల్టీలకు కారణం అదే. తడి చేత్తోనే ముక్కు దగ్గర చెరువు మట్టి ముద్ద అదిమి, దారం కాస్త ముందుకు జరిపి మళ్లీ తిప్పింది. ఈసారి ముక్కే ముందు నిలిచింది. ఆ తర్వాత స్టాండు మీద పెట్టి, వదిలే తాడు లాగితే రాకెట్టు నిటారుగా పోయింది. మట్టికి ఖర్చేమీ లేదు.

మొత్తం ఖర్చు 14,210. నిల్వ 3,240, దసరా సెలవుల శిబిరానికి ఉంచాం. బిల్లులు, రసీదు పుస్తకం కోశాధికారి దగ్గర ఉన్నాయి. మీ పేరు దగ్గర అంకె తేడాగా కనిపిస్తే వెంటనే చెప్పండి, సరిచేస్తాం.