రిఫరెన్స్ మైక్రోఆర్‌ఎన్‌ఏ గురించి, ప్లేట్ పెట్టే ముందు చదవండి

అందరికీ, ఓవరీ, ఎండోమెట్రియం, సర్విక్స్ క్యాన్సర్ బ్లడ్ శాంపిల్స్‌లో మైక్రోఆర్‌ఎన్‌ఏలు (జీన్ల పనిని అదుపు చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏలు) కొలిచే పీసీఆర్ ప్లేట్ రన్ చేసే ముందు ఒక మాట. అలవాటుకొద్దీ రిఫరెన్స్‌గా (అంటే మిగతావాటిని పోల్చి చూసే నిలకడైన కొలమానంగా) యూ6 పెట్టేయకండి ప్లీజ్, అది వేరే రకం చిన్న ఆర్‌ఎన్‌ఏ, అసలు మైక్రోఆర్‌ఎన్‌ఏనే కాదు, పైగా సీరంలో నిలకడగా ఉండదు. టిష్యూలో పనిచేసిందని బ్లడ్‌లోకి తెచ్చేస్తే ఎలా?

మిర్-16 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ ఇంకో తలనొప్పి. ఎర్ర రక్తకణాల్లో బోలెడు ఉంటుంది, ట్యూబ్ కాస్త గట్టిగా ఊపినా కణాలు పగిలి దాని లెవెల్ పెరిగిపోతుంది, అప్పుడు దాంతో నార్మలైజ్ చేస్తే (దాంతో పోల్చి లెక్కేస్తే) మిగతావన్నీ తగ్గినట్టు కనిపిస్తాయి, మనమేమో క్యాన్సర్ వల్లే అనుకుని మురిసిపోతాం 😅 పోయినసారి నా ప్లేట్‌లో ఇదే జరిగింది, మిర్-16 సీటీ (సిగ్నల్ కనిపించే పీసీఆర్ సైకిల్ నంబర్) 2 సైకిల్స్ ముందుకొచ్చింది, అంటే దాదాపు 4 రెట్లు తేడా! ప్లాస్మా లేత గులాబీ రంగులో ఉన్నా నేనే చూసీ వదిలేశా. అందుకే ముందు 414 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీయండి (పగిలిన కణాల హీమోగ్లోబిన్ అక్కడ తెలుస్తుంది), మిర్-23ఏ సీటీలోంచి ఎర్ర కణాల్లో ఎక్కువుండే మిర్-451ఏ సీటీ తీసేస్తే 7 దాటిందంటే ఆ శాంపిల్ అనుమానమే.

సెల్-మిర్-39 (సీ. ఎలిగాన్స్ అనే పురుగు మైక్రోఆర్‌ఎన్‌ఏ) బయటి నుంచి కలపండి, కానీ అది ఆర్‌ఎన్‌ఏ ఎక్స్‌ట్రాక్షన్ ఎలా జరిగిందో చెప్తుందంతే, పురుగుది కదా, పేషెంట్ గురించి దానికేం తెలుసు.

రిఫరెన్స్ కోసం మిర్-191, మిర్-103ఏ లాంటివి నాలుగైదు తీసుకుని క్యాన్సర్, బినైన్ (క్యాన్సర్ కాని గడ్డలు), హెల్దీ మూడు గ్రూపుల్లోనూ చూద్దాం. ఏది నిలకడగా ఉందో లెక్కేసే సాఫ్ట్‌వేర్‌లలో జీనార్మ్ ఒక్కదాన్నే నమ్మొద్దు, కలిసి పెరిగి కలిసి తగ్గే జంటని కూడా అది స్టేబుల్ అనేస్తుంది, నార్మ్‌ఫైండర్ కూడా రన్ చేయండి. హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వేసేది) ఉన్న ట్యూబులు మాత్రం వద్దు, పీసీఆర్‌ని ఆపేస్తాయి.