పండుగ ముందు మా కొట్టు షట్టర్ సగం ఎందుకు దించవలసి వచ్చిందంటే

కువైట్, మస్కట్, ఖతర్‌ల నుంచి మీ పిల్లలు పంపే సొమ్మును మలికిపురంలోని మా కొట్టులో ఇరవై ఏళ్లుగా తీసుకుంటున్న మీ అందరికీ నమస్కారం. సంక్రాంతికి ముందు రెండు రోజులు మా షట్టర్ సగం దించి ఉన్నది నిజం. పదకొండు మంది ఉత్త చేతులతో తిరిగి వెళ్లినదీ నిజమే. నేను ఐపీ పెట్టానన్నది, అంటే దివాలా తీశానన్నది మాత్రం అబద్ధం. ఆ మాట సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం చేరి, మా బావమరిది చెవిన పడి, తిరిగి ఫోనులో నా దగ్గరికే వచ్చింది.

మీ పిల్లలు సొమ్ము కట్టినప్పుడు పంపే కంపెనీ ఇచ్చిన కోడ్ నంబరు, మీ గుర్తింపు కార్డు చూసి నేనిచ్చే నగదు నా సొంత సొరుగులోది. దాన్ని నా పైన ఉన్న ఏజెంటు మరునాటి సాయంత్రానికి నా ఖాతాలో జమ చేయాలి. డిసెంబరు నెలాఖరున ఆ జమ మూడు రోజులు ఆలస్యమైంది, తరువాత వారం దాటింది. ఫోను చేసిన ప్రతిసారీ "రేపు పడిపోతుంది సార్" అన్న సమాధానమే వచ్చేది. పండుగ రోజుల్లో ఇక్కడ ఎంత సొమ్ము చేతులు మారుతుందో తెలిసిన మనిషి, పదేళ్లు నా చేత వ్యాపారం చేయించుకున్న మనిషి, చివరికి నా ఫోను ఎత్తడం మానేశాడు. అప్పటికి నాకు రావలసినది 6,40,000 రూపాయలు.

నా తప్పు ఇక్కడే ఉంది. మీ కోడ్ నంబరుకు నా కొట్టే గతి కాదు. అదే కంపెనీ సొమ్ము చెల్లించే ఏ కౌంటరులోనైనా, రాజోలులోనైనా అమలాపురంలోనైనా, చెల్లుతుంది. ఎవరూ తీసుకోకపోతే పంపినవారు దాన్ని రద్దు చేయించుకుని వెనక్కి తీసుకోవచ్చు. ఈ ముక్క మొదటి రోజే మీకు చెప్పి పక్క కొట్టుకు పంపి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. నాన్నగారు ఎస్టీడీ బూత్ నడిపిన రోజుల్లో శుక్రవారం కువైట్ ఫోను కోసం తల్లులు ఏ బల్ల మీద కూర్చునేవారో, ఆ బల్ల మీద కూర్చున్నవారిని మరొకడి కొట్టుకు వెళ్లమనడానికి నాకు నోరు రాలేదు. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి మరో తొమ్మిది రోజులు చెల్లించాను. ఆ డబ్బు కూడా అయిపోయిన రోజు షట్టర్ దించాను.

ఫిబ్రవరి 1 నుంచి మా కొట్టులో కోడ్ నంబరు మీద నగదు చెల్లింపు ఉండదు. మీ పిల్లలు అక్కడి ఎక్స్ఛేంజి నుంచి సొమ్మును నేరుగా మీ బ్యాంకు ఖాతాకు పంపాలి. ఈ నిర్ణయానికి నెల రోజులు పట్టింది. రిజర్వు బ్యాంకు పథకం ప్రకారం కోడ్ నంబరు పద్ధతిలో ఒకసారికి 2,500 డాలర్లకు మించి రాకూడదు, ఒక మనిషి ఏడాదిలో 30 సార్లకు మించి తీసుకోకూడదు, 50,000 రూపాయలు దాటితే నగదు ఇవ్వకూడదు. అందువల్ల పెద్ద మొత్తాలవారు ఇప్పటికే ఖాతాలకు మారిపోయారు. నా దగ్గర మిగిలింది చిన్న మొత్తాలవారే, వారిలో ఎక్కువమంది లంక గ్రామాల ఆడవాళ్లు. వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ కాగితం చింపి, దాని వెనుక మనవరాలి చేత కోడ్ నంబరు రాయించుకుని వచ్చే ఒక మామ్మగారిని ఖాతాకు పంపించుకోమని అడిగితే, "ఖాతా నా పేరు మీదే ఉందండి బాబూ, కార్డు మాత్రం మావోడి జేబులో ఉంటాది" అన్నారు. ఆ మాట విన్నాక మరో వారం ఏమీ తేల్చుకోలేకపోయాను. చివరకు ఆమెతో బ్యాంకుకు వెళ్లి ఆ ఏటీఎం కార్డు రద్దు చేయించాను. ఇప్పుడు పాసు పుస్తకం పట్టుకుని వెళ్లి తానే తెచ్చుకుంటున్నారు. అదే అవస్థలో ఉన్నవారు మొహమాటపడకుండా నాతో చెప్పండి, వెంట వస్తాను.

ఖాతా వివరాలు పంపే ముందు ఒకసారి మా కొట్టుకు రండి. మన ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒక చోట, ఆధార్‌లో మరో చోట ఉంటుంది కాబట్టి, పాసు పుస్తకంలో ఉన్న అక్షరాలనే అక్కడ రాయించాలి. ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పినా సొమ్ము మరొకరికి చేరవచ్చు, అందుకని మొదటిసారి ఐదు దీనార్లే పంపించి చూసుకోండి. ఆ ఫీజు దండగ కాదు. రెండేళ్లుగా వాడని ఖాతా స్తంభించి ఉంటుంది. పూర్తి కేవైసీ (గుర్తింపు, చిరునామా పత్రాలు) లేకుండా తెరిచిన చిన్న ఖాతాలో విదేశీ సొమ్ము జమ కాదు. ఫీజు లేదని మురిసిపోకుండా, దీనారుకు చివరికి ఎన్ని రూపాయలు చేతికి వస్తాయో అడగమని పిల్లలకు చెప్పండి, ఎందుకంటే కోత పెట్టేది రేటులోనే.

బ్యాంకు, రసీదు లేకుండా చేతుల మీద సొమ్ము చేరవేసే హుండీ వారు నాకు జమ రాని ఆ రోజుల్లోనే నా దగ్గరికి వచ్చి, రేటు ఎక్కువ ఇస్తామని, నా బల్ల మీదే పని సాగిద్దామని అన్నారు. కాదన్నాను. రసీదు లేని సొమ్ము మధ్యలో పోతే అడిగే దిక్కు ఉండదు, పైగా అది చట్ట విరుద్ధం.

కనుమ వెళ్లిన వారానికి 5,10,000 రూపాయలు నా ఖాతాలో పడ్డాయి. మిగిలిన 1,30,000 కోసం ఆ ఏజెంటుతో తేల్చుకోవలసింది నేను, అందులో మీ రూపాయి ఒక్కటీ లేదు. తిరిగి వెళ్లిన పదకొండు మందిలో తొమ్మిది మందికి ఫోను చేసి క్షమించమని అడిగాను, వారంతా తమ సొమ్ము వేరే చోట తీసుకున్నామని చెప్పారు. మిగిలిన ఇద్దరి ఫోన్లు పనిచేయడం లేదు. ఒకరు అంతర్వేది వైపు నుంచి వచ్చారు, మరొకరు చేతి కట్టుతో ఉన్నారు. వారెవరో తెలిసినవారు ఉంటే, కోడ్ నంబరు ఇంకా చెల్లుతుందని, నేను వారి కోసం అడుగుతున్నానని చెప్పండి.