నువ్వూ వార్డెన్‌వయ్యావన్నమాట

సూర్యారావుపేట, విజయవాడ
2025 నవంబరు 9, ఆదివారం

చిన్నీ,

ఫోనులో చెబితే సగం వింటావు, మిగతా సగానికి "సరేనమ్మా" అంటావు. అందుకని కాగితం తీశాను. రాసి, ఫొటోలు తీసి పంపిస్తాను. ఇరవై నాలుగేళ్లుగా ఈ అమ్మాయిల హాస్టలుకు వార్డెన్‌గా మెస్ లెక్కలు రాసీ రాసీ నా దస్తూరి కోడి గెలికినట్టు తయారైంది. అర్థం కాని చోట అడుగు.

జర్మనీ యూనివర్సిటీలో నీ కొత్త ఉద్యోగం ఏమిటో మీ నాన్నకు ఎంతకీ బుర్రకెక్కలేదు. "యూనివర్సిటీలో చదివే విదేశీ పిల్లలు ఇంటర్న్‌షిప్ అనీ, వాలంటీరు పని అనీ ఇంకో ఊరికో ఇంకో దేశానికో వెళతారటండీ. అక్కడ వాళ్ల బాగోగులు కనుక్కుంటూ ఉండాలట" అన్నాను. "దానికి కూడా జీతమిస్తారా?" అన్నారు. నాకు ఇన్నేళ్లూ దేనికి ఇస్తున్నారనుకున్నారో మరి! నీదీ వార్డెన్ పనే. కాకపోతే నీ హాస్టలుకు గోడలు లేవు, గేటు లేదు, రాత్రి తొమ్మిదింటికి లెక్క చూసుకోవడానికి మంచాలు లేవు.

నాకు అరవై మంచాలున్నాయి. ట్రంకు పెట్టెలు పోయి చక్రాల సూట్‌కేసులు వచ్చాయి గానీ, వచ్చే పిల్లలు మారలేదు. కొత్తగా చేరిన పిల్ల మొదటి మూడు రాత్రులూ ఏడుస్తుంది. ఏడవనీ. ఏడ్చే పిల్లతో నాకు ఏనాడూ భయం లేదు. ఆ చప్పుడుకు పక్క మంచం పిల్ల లేచి కూర్చుంటుంది, వారం తిరిగేసరికి ఇద్దరూ ఒకే దువ్వెన వాడుతుంటారు. నా భయమంతా మూడో వారం. అప్పటికి ఇంటి నుంచి తెచ్చుకున్న సున్నుండల డబ్బా అడుగంటుతుంది, ఫోన్లు పలచబడతాయి, కొత్త ఊరి ముచ్చట తీరిపోతుంది. అప్పుడు "బాగానే ఉన్నాను ఆంటీ" అనే పిల్లను కనిపెట్టుకుని ఉండాలి.

కనిపెట్టుకుని ఉండాలని ఇప్పుడు సులువుగా రాసేస్తున్నాను. 2022 మొదట్లో నేను ఏం చేశానో విను. పల్నాడు నుంచి వచ్చిన నర్సింగు పిల్ల ఒకతి ఉండేది. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయస్వామికి, శనివారం వెంకటేశ్వరస్వామికి ఉపవాసం. ఈ కాలంలో ఎంత భక్తో అని మురిసిపోయాను, మిగతా పిల్లలకు ఆమెను చూపించి నీతులు కూడా చెప్పాను. ఒక రోజు మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది. అప్పుడు మెస్ రిజిస్టరు తిరగేస్తే నెలలో పదిహేడు రాత్రులు భోజనం లేదు. తినని పూటకు బిల్లులో డబ్బు తగ్గిస్తాం కదా, అందుకు. ఆ ఏడాది మిరప పూత మీద నల్ల తామర పురుగు పడి ఎన్ని కుటుంబాలు మునిగిపోయాయో నీకు తెలుసు. వాళ్ల నాన్నది కౌలు సేద్యం. ఆ పిల్ల అబద్ధమాడిందని నేను కోప్పడలేదు. రిజిస్టరు నా బల్ల మీదే ఉంది, చూడవలసింది నేను.

ఇక రెండో తప్పు. అది నీ విషయంలో.

వేసవిలో నువ్వు వచ్చినప్పుడు వంటింటి గుమ్మంలో కూర్చుని గోంగూర ఒలుస్తూ, ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పావు. తప్పనిసరి ఇంటర్న్‌షిప్ అని ఆరు నెలలు ఆ చిన్న ఊరికి వెళ్లావు. నిన్ను తీసుకున్న పెద్దమనిషి నెలకే ఆ కంపెనీ వదిలి వెళ్లిపోయాడు. మిగతా ఐదు నెలలు నీకు పని చెప్పేవాళ్లు లేక, కిటికీ లేని గదిలో పాత ఫైళ్లు స్కాన్ చేస్తూ కూర్చున్నావు. నేను వీడియో పెట్టమంటే "నెట్ సరిగా లేదమ్మా" అనేదానివి. యూనివర్సిటీ వాళ్లు మధ్యలో ఒక ఫారం పంపితే "సంతృప్తికరం" అనే గడిలో టిక్కు పెట్టి పంపేశావు. అరవై మంది పిల్లల్లో ఎవరికి జ్వరం తగులుతోందో ముఖం చూసి చెప్పేదాన్ని, నా కూతురి గొంతు నాకు తెలియలేదు.

ఎందుకు చెప్పలేదే అంటే నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "చెబితే ఇంటర్న్‌షిప్ ఆగిపోతుంది, క్రెడిట్లు రావు, చదువు ఆలస్యమవుతుంది, ఇక్కడ ఉండే అనుమతి కార్డు గడువు దగ్గర పడుతుంది. ఊరుకుంటే ఐదు నెలలే కదమ్మా." అక్కడి పిల్లకూ, వీసా మీద వచ్చిన పిల్లకూ తేడా ఇదే చిన్నీ. అక్కడి పిల్ల పని నచ్చకపోతే రైలెక్కి ఇంటికి పోతుంది. మీ పిల్లలకు ఫిర్యాదు చేయడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడంలా కనిపిస్తుంది. కాబట్టి వాళ్లు నీకు ఫోన్ చేయరు. కష్టం ఎంత పెద్దదైతే అంత చేయరు. "ఏ ఇబ్బంది ఉన్నా సంప్రదించండి" అని నీ మెయిలు కింద రాసి కూర్చుంటే, ఆ మెయిలు నీ ఆఫీసుకు రక్షణ, పిల్లలకు కాదు. ముందు నువ్వు ఫోన్ చేయాలి. మూడో వారంలో తప్పకుండా చేయాలి.

చేసి "అంతా బాగుందా" అని అడగకు. దానికి ప్రపంచమంతటా ఒకటే జవాబు. మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నావు అని అడుగు. నిన్న పని ఎవరు చెప్పారు, ఏం చెప్పారు? గది నుంచి అక్కడికి ఎన్ని నిమిషాలు, తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుందా? తలుపు గడియ లోపలి నుంచి పడుతుందా? ఇలాంటి చిన్న ప్రశ్నలకు పిల్లలు తడుముకోకుండా నిజం చెప్పేస్తారు. తడుముకుంటే అదే జవాబు.

నువ్వు చెప్పిన రూల్సన్నీ మెస్ పుస్తకం వెనక రాసుకున్నాను, నవ్వకు. మీ దగ్గర విదేశీ విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయవచ్చు. చదువులో భాగమైన తప్పనిసరి ఇంటర్న్‌షిప్ ఆ లెక్కలోకి రాదు. సొంత ఇష్టంతో చేసేది మాత్రం జీతం లేకపోయినా వస్తుంది. ఈ చివరి ముక్క దగ్గరే మన పిల్లలు పప్పులో కాలేస్తారు. రూపాయి ఇవ్వనప్పుడు అది ఉద్యోగం ఎలా అవుతుందని మనవాళ్ల తర్కం. మీ పెదనాన్న కొడుకు కూడా అమెరికాలో అలాగే అన్నాడు. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద సీపీటీ, అంటే చదువులో భాగంగా పని చేసే అనుమతి పడకముందే, జీతం లేదు కదా అని రెండు రోజులు ముందుగా చేరబోయాడు. కాలేజీ వాళ్లు కనుక్కుని ఆపారు కాబట్టి సరిపోయింది.

జర్మనీ కార్డు జేబులో ఉంటే యూరప్ అంతా మనదే అనుకునేవాళ్లకు కూడా ముందే చెప్పు. ఆ కార్డుతో పక్క దేశాలకు చూడటానికి వెళ్లవచ్చు, 180 రోజుల్లో 90 రోజులు ఉండవచ్చు. అక్కడ పనిలో చేరాలంటే ఆ దేశం అనుమతి వేరే చూసుకోవాలి. ఆరోగ్య బీమా కార్డు సంగతీ అంతేనన్నావు కదా, యూరప్‌లో చాలా దేశాల్లో చెల్లుతుంది గానీ మనలాంటి బయటి దేశాల వాళ్లకు డెన్మార్క్‌లో చెల్లదని. జ్వరం వచ్చాక తెలుసుకునే విషయమా అది?

ఎరాస్మస్ అనే యూరప్ విద్యార్థి మార్పిడి పథకం కింద వెళ్లే పిల్లలకు ఒప్పంద పత్రం మీద మూడు సంతకాలుంటాయన్నావు, పిల్లది, యూనివర్సిటీది, తీసుకునేవాళ్లది. నాకది బాగా నచ్చింది. మా ప్రవేశ ఫారం మీద కూడా మూడే, పిల్ల, తండ్రి, స్థానికంగా ఉండే సంరక్షకుడు. అయితే ఆ మూడో సంతకం పెట్టిన మనిషి మళ్లీ ఎప్పుడూ కనబడడు. మీ దగ్గరా అదే జరిగింది. నిన్ను తీసుకున్నాయన వెళ్లిపోయిన రోజున, నీ పేరు ఎవరి బల్ల మీదకు మారిందని ఒక్కరూ అడగలేదు. సంతకం పెట్టే మనిషితో పాటు ఆయన లేనప్పుడు చూసే రెండో మనిషి పేరు కూడా రాయించుకో. ఇవ్వలేమంటే అక్కడికి పిల్లను పంపకు.

పాస్‌పోర్టు "మా దగ్గర భద్రంగా ఉంచుతాం" అనే చోటు నుంచి పిల్లను అదే పూట బయటికి తీసుకురా. అది భారత ప్రభుత్వ ఆస్తి అని దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని విశాఖ కుర్రాళ్లను కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024లో పేపర్లలో చదివాం కదా. మన పిల్లలకు విదేశాంగ శాఖ వారి "మదద్" పోర్టల్‌లో ఫిర్యాదు చేయడం ఎలాగో వెళ్లకముందే చూపించు. మిగతా దేశాల పిల్లల ఫోనుల్లో వాళ్ల వాళ్ల ఎంబసీ నంబరు నీ ఎదుటే ఎక్కించు.

వాలంటీరు పని గురించి నాకు కొంచెం ఎక్కువ మాట్లాడాలని ఉంది. నిరుడు సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మన ఊళ్లో సింగ్ నగర్ మీద పడినప్పుడు నువ్వు ఇక్కడ లేవు. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి పోతున్నాయని టీవీలో చెబుతుంటే మా పిల్లలు ఊరుకోలేదు. మెస్‌లో నాలుగు వందల పులిహోర పొట్లాలు కట్టించుకుని ఫ్లైఓవర్ దాకా మోసుకెళ్లారు. సాయంత్రం సగం పొట్లాలు వెనక్కి తెచ్చారు. పడవలు దొరికినంత దూరం, నీళ్లలో నడిచి వెళ్లగలిగినంత దూరం అందరూ ఇచ్చేవాళ్లే. మూడోసారి పులిహోర అందుకున్న ఇల్లాలు "తల్లీ, చంటిదానికి పాలున్నాయా" అని అడిగిందట. మర్నాడు ఆ పేటలో ఉత్తరాలు పంచిన పోస్ట్‌మ్యాన్ ఒకాయన పడవ ఎక్కాడు. ఏ సందులో మంచం దిగలేని ముసలావిడ ఉందో, ఏ ఇంట్లో బాలింత ఉందో ఆయనకు తెలుసు. ఆ రోజు పొట్లాలు వంద కూడా లేవు గానీ పాలప్యాకెట్లు, మందులు లోపలి సందుల దాకా వెళ్లాయి.

మీ పిల్లలను ఏ దేశానికి సేవకు పంపినా అక్కడ ఆ పోస్ట్‌మ్యాన్ ఎవరో ముందు కనుక్కో. అలాంటి మనిషి లేని సంస్థ వాళ్లకు మీ పిల్లల కష్టంతో పనిలేదు, పిల్లలు కట్టే ఫీజుతోనే పని.

అనాథ పిల్లల ఆశ్రమాలకు రెండు వారాలకని ఎవరైనా అడిగితే మాత్రం వద్దను. ఎన్నో ఏళ్ల కిందట ఊరి బయట ఒక ఆశ్రమంలో చూశాను. విదేశీ కుర్రాళ్లు, మంచి పిల్లలే, పాటలు నేర్పారు, గోడలకు బొమ్మలు వేశారు. వెళ్లే రోజున ఒక నాలుగేళ్ల వాడు వాళ్ల వ్యాను తలుపు పట్టుకుని వేలాడాడు. పది రోజుల తర్వాత ఇంకో జట్టు వచ్చింది, మళ్లీ పాటలు, మళ్లీ వ్యాను. నేను నెలకోసారి బియ్యం ఇవ్వడానికి వెళ్లేదాన్ని. ఒకసారి వెళితే వాడు ఎవరి దగ్గరకూ రావడం మానేశాడని ఆయా చెప్పింది.

ఇంకొకటి, నాలాంటి తల్లి నీ ఆఫీసుకు ఫోన్ చేస్తుంది. మొన్న మొంథా తుఫాను రాత్రి నాకు యాభై ఫోన్లు వచ్చాయి, సగం మంది ఒకటే మాట, "మా అమ్మాయి కిటికీ వైపు పడుకుందా?" మీ చట్టం ప్రకారం పిల్ల ఒప్పుకోకుండా తల్లికి ఏమీ చెప్పకూడదట. చెప్పకు. కానీ "చెప్పకూడదండీ" అని మాత్రం పెట్టేయకు. "ఈ పూటే మీ అమ్మాయితో మాట్లాడతాను, మీకు ఫోన్ చేయమని చెబుతాను" అను. ఆ తల్లి ఆ రాత్రికి అన్నం తింటుంది. అన్న మాట ప్రకారం చేయి కూడా.

గడియారాలు వెనక్కి తిప్పారు కదా, ఇప్పుడు మీకూ మాకూ నాలుగున్నర గంటల తేడా. నీ మధ్యాహ్న భోజనం వేళకు నేను సాయంత్రం పాలు కాచి తీరిగ్గా ఉంటాను, అప్పుడు చేయి. వీడియో పెట్టు. కందిపొడి, గోంగూర పచ్చడి మీ స్నేహితురాలి నాన్నగారి చేతికి ఇచ్చాను, 16న బయలుదేరుతున్నారు. పచ్చడి సీసాకు రెండు కవర్లు చుట్టాను, అయినా ఆయన సూట్‌కేసులో తెల్ల చొక్కాల పక్కన పెడితే నా పూచీ లేదు.

కింద గ్యాస్ బండి వచ్చినట్టుంది, కేకలు వేస్తున్నారు. పన్నెండో నంబరు గదిలో కొత్త పిల్ల చేరి ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు. రాత్రి వడ్డన దగ్గర నేనే నిలబడాలి.

అమ్మ