కామిక్ ఆపితే పిల్లల భయం పోతుందా?

సంపాదకులు గారికి,

త్రిభుజాలు, చతురస్రాలు పాత్రలుగా ఫోన్లలో తిరుగుతున్న వెబ్‌కామిక్‌లోని చేదు హాస్యం పిల్లల్ని కుంగదీస్తుందని, దాన్ని వెంటనే ఆపించాలని పాఠకులు రాసిన ఉత్తరాలు మీ పత్రికలో చదివాను. నేను దేవరకొండలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. దాన్ని ఆపించొద్దని నా మనవి.

ఎక్కువమందికి కోపం తెప్పించిన బొమ్మ ఇది. త్రిభుజం ఉద్యోగం కోసం చతురస్రం దగ్గరికి వెళ్తుంది. "నీ మూలలు గుచ్చుకుంటున్నాయి, కాస్త అరగదీసుకుని రా" అంటుంది చతురస్రం. గడి గడికీ ఒక్కో మూల అరిగిపోతుంది. చివరికి చిన్న చుక్క మిగులుతుంది. "సెలక్ట్ అయ్యావు. రేపటి నుంచి ఫుల్‌స్టాప్ డ్యూటీ!"

మా క్లాసులో చాలామంది పగలబడి నవ్వారు. వెనక బెంచీలో ఒకబ్బాయి మాత్రం "ఇది మా హాస్టలే సార్" అన్నాడు. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పడుకునేదాకా స్టడీ అవర్, మధ్యలో ర్యాంకుల లిస్టు. పాఠం ఆపి ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పని పిల్లాడు వాడు. ఆ త్రిభుజానికి కులం లేదు, ఊరు లేదు, ముఖం లేదు. అందుకే ఎవరి బాధ వాళ్లకు అందులో కనిపిస్తుంది.

తల్లిదండ్రుల భయాన్ని తీసిపారేయలేం. 2019లో ఇంటర్ ఫలితాలొచ్చాక మన రాష్ట్రంలో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఇప్పటికీ రిజల్ట్ రోజు దగ్గరపడుతుంటే నాకు టెన్షన్ పట్టుకుంటుంది. ఆ పిల్లల్ని కుంగదీసింది మాత్రం మార్కులే.

ఇలాంటి చేదు హాస్యం మనది కాదని ఒకరు రాశారు. ఆ మాట నన్ను బాధపెట్టింది. ఉమ్మడి నల్గొండ జిల్లా బిడ్డ, కార్టూనిస్టు శేఖర్ 2014లో క్యాన్సర్‌తో పోయారు. ఒంట్లో జబ్బు ముదురుతున్నా కుంచె వదల్లేదు, ఆ జబ్బు పేరునే కులానికి పెట్టి కార్టూన్లు గీశారు. మనవాళ్లు అవి చూసి నవ్వారు, ఆ వెంటనే తలలూ దించుకున్నారు.

కామిక్ గీసేవాళ్లకు ఒక విన్నపం. చావు ప్రస్తావన వచ్చే బొమ్మల కింద, మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 వేయండి. రాత్రీ పగలూ ఉచితంగా పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. చిన్నపిల్లలకు పంపొద్దని పైన ఒక మాట రాయండి. కాలేజీలు కూడా ఆ నంబరును గేటు దగ్గర పెట్టాలి, ర్యాంకుల ఫ్లెక్సీ ఎంత పెద్దగా కడతారో అంత పెద్దగా.

- ఒక లెక్కల లెక్చరర్, దేవరకొండ, నల్గొండ జిల్లా