నాలుగు వారాల కుక్కపిల్లను ఎనిమిది వారాలదని అమ్మినందుకు ఫిర్యాదు

మారతహళ్లి, బెంగళూరు
06-01-2025

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: 14-12-2024న మీరు మా ఇంటికి పంపిన లాబ్రడార్ కుక్కపిల్ల వయసు, దాని టీకా కార్డు, దాంతోపాటు ఇచ్చిన సంరక్షణ పుస్తకం గురించి

అయ్యా/అమ్మా,

మీ యాప్‌లో 28,000 రూపాయలు కట్టి లేత పసుపు రంగు లాబ్రడార్ ఆడ కుక్కపిల్లను తీసుకున్నాం. జున్ను అని పేరు పెట్టుకున్నాం. మీరిచ్చిన కార్డులో పుట్టిన తేదీ 17-10-2024 అని ఉంది. ఆ లెక్కన మా చేతికి వచ్చేసరికి దానికి ఎనిమిది వారాలు దాటి ఉండాలి. డిసెంబర్ 16న పరీక్షించిన డాక్టరు గారు మాత్రం దానికి నాలుగు వారాలు, మహా అయితే నాలుగున్నర ఉంటాయని రాసిచ్చారు. ఆ కాగితం దీనికి జతచేశాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. మీరు పంపిన వీడియోలో జున్నుతోపాటు అదే ఈతలో పుట్టిన ఇంకో అయిదు పిల్లలు కనిపించాయి. అవి కూడా ఇదే పుట్టిన తేదీతో, ఇదే పుస్తకంతో వేరే ఇళ్లకు వెళ్లి ఉంటాయి. ఆ ఇళ్లవాళ్లకు ఈ రోజే ఫోన్ చేసి అసలు వయసు చెప్పండి. నా డబ్బు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇక జరిగింది రాస్తాను. మీ వ్యాన్ వచ్చేసరికి చీకటి పడింది. ప్లాస్టిక్ బుట్టలో ఒక న్యూస్‌పేపర్, దాని మీద పిల్ల. కప్పడానికి గుడ్డ ముక్క కూడా లేదు. డిసెంబర్‌లో బెంగళూరు చలి ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఈ వయసు పిల్లలు ఒంటి వేడిని తమంతట తాము పూర్తిగా నిలుపుకోలేవు. తల్లి పొట్టకు ఆనుకుని, తోడబుట్టిన వాటితో ఒకదాని మీద ఒకటి పడుకుని వెచ్చగా ఉంటాయి. దీన్ని ఒంటరిగా బుట్టలో వేసి ఊరంతా తిప్పి తెచ్చారు.

మా అమ్మ అప్పుడు అనంతపురం నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. జున్నును ఒళ్లోకి తీసుకోగానే అది అమ్మ మోచేతి మడతలోకి మూతి దూర్చి, ముందరి కాళ్లు రెండూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ చప్పరించడం మొదలుపెట్టింది. "ఇది ఇంకా పాలు మరవలేదే, తల్లి దగ్గర్నుంచి ఎట్లా తెచ్చారు?" అంది అమ్మ. వెంటనే మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. "కొత్త ఇంట్లో అన్నీ ఇలాగే చేస్తాయి మేడమ్, మా పుస్తకం ఫాలో అవ్వండి" అన్నారు. మా ఇంట్లో కుక్కను పెంచడం ఇదే మొదటిసారి. నాకే కాదు, మా ఆయనకూ అంతే. ఆ సంగతి ఆర్డర్ చేసేటప్పుడే మీ ఫారంలో రాశాం. మొదటిసారి పెంచేవాళ్లకు ప్రత్యేక గైడ్ ఉందని మీ ప్రకటనలోనే ఉంది, మేం మిమ్మల్ని ఎంచుకున్నదీ అందుకే.

ఆ పుస్తకం గురించి వివరంగా రాయక తప్పదు. రోజుకు మూడు పూటలా డ్రై ఫుడ్ పెట్టి, మధ్యలో ఆవుపాలు ఇవ్వమని అందులో ఉంది. కుక్క పాలలో కొవ్వు, ప్రొటీన్ ఆవుపాలలో ఉన్నదానికి రెట్టింపు పైనే ఉంటాయి. లాక్టోజ్ అనే చక్కెర మాత్రం ఆవుపాలలోనే ఎక్కువ. ఆవుపాలు పడితే ఇంత చిన్న పిల్లకు విరేచనాలు పట్టుకుంటాయి. మొదటి రోజే షాంపూతో స్నానం చేయించమని ఇంకో పేజీలో ఉంది. మొదటి వారం నుంచే పార్కుకు తీసుకెళ్లి వేరే కుక్కలతో కలవనివ్వమని మరో చోట ఉంది. టీకాలు పూర్తికాని పిల్లను కుక్కలు తిరిగే మట్టిలో దింపితే పార్వో అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు రావడానికి ఎంతసేపు పడుతుంది? ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. అన్నిటికన్నా నాకు ఒళ్లు మండింది ఏడో పేజీలో ఉన్న ఫొటో చూసి. ఒకమ్మాయి కుక్కపిల్లను పసిబిడ్డలా వెల్లకిలా పట్టుకుని పాలసీసాతో తాగిస్తూ ఉంటుంది. అలా పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుందని డాక్టరు గారు చెప్పారు. పిల్లను బోర్లా ఉంచి, తల కొంచెం పైకెత్తి, అది తనంతట తాను చప్పరించేలా పట్టాలట. పుస్తకం మొత్తం తిరగేశాను, ఏ వెటర్నరీ డాక్టరు పేరూ కనిపించలేదు. ఇదంతా ఎవరు రాశారు? ఎవరు చూసి సరే అన్నారు?

ఆదివారం పొద్దున్నుంచే విరేచనాలు మొదలయ్యాయి. డ్రై ఫుడ్ నీళ్లలో నానబెట్టి పెట్టినా నమల్లేకపోయింది. నమలడానికి దవడ పళ్లే రాలేదని మర్నాడు గానీ తెలియలేదు. ఆ అర్ధరాత్రి దాటాక జున్ను ఒళ్లు వేలాడేసింది. తల ఎత్తితే పక్కకు వాలిపోతోంది, పెదవి తీసి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మా పాప ఏడుపు లంకించుకుంది. అమ్మ జున్నును చీర కొంగులో చుట్టి గుండెలకు అదుముకుంది, మా ఆయన కారు తీశారు. రాత్రంతా తెరిచి ఉండే క్లినిక్‌కు పరుగెత్తాం.

అక్కడ చూస్తే ఒంటి వేడి 96.8 ఫారెన్‌హీట్ ఉంది, వంద పైన ఉండాల్సినది. రక్తంలో షుగర్ 41. అరవై కన్నా దిగితేనే ప్రమాదం. ఈ వయసు పిల్లల ఒంట్లో చక్కెర నిల్వలు చాలా తక్కువ, కొన్ని గంటలు కడుపు మాడితే చాలు ఇలా పడిపోతాయి. నోటి ద్వారా ఏమీ పట్టకుండా ముందు ఒళ్లు వెచ్చబరిచారు. చల్లబడిన పిల్లకు పాలు పడితే అరగదట, పేగులు పనిచేయవట. తర్వాత గ్లూకోజ్, సెలైన్ ఎక్కించారు. తెల్లవారాక అది తోక చివర కొంచెం కదిపింది. అప్పటిదాకా మేం ముగ్గురం కాఫీ కూడా ముట్టలేదు.

ఉదయం వచ్చిన పెద్ద డాక్టరు గారు బొటనవేలితో దాని పైపెదవి ఎత్తి మాకు చూపించారు. ముందు పళ్లు బియ్యపు గింజ మొనలా అప్పుడే చిగురు చీల్చుకుని వస్తున్నాయి. వెనక దవడ మొత్తం నున్నగా ఉంది. ఎనిమిది వారాలకు పాలపళ్లు ఇరవై ఎనిమిదీ వచ్చి ఉండాలని ఆయన అన్నారు. తూకం 1.9 కిలోలు. కళ్లలో ఇంకా నీలి మసక ఉంది, నడిస్తే వెనక కాళ్లు తూలుతున్నాయి. మీ కార్డు ఆయన చేతికిచ్చాను. ఒక్కసారి చూసి పక్కన పెట్టేశారు.

ఆ కార్డు సంగతి ఇది. 28-11-2024న మొదటి టీకా వేశామని అందులో ఉంది. డాక్టరు గారు చెప్పిన వయసును బట్టి జున్ను నవంబర్ నడిమధ్యలో పుట్టింది. అంటే మీరు టీకా వేశామంటున్న రోజున అది కళ్లు తెరిచీ తెరవని రెండు వారాల పిల్ల. ఆ వయసులో ఎవరూ టీకా వేయరు, ఆరు వారాలు నిండాకే మొదలుపెడతారు. టీకా వేసినప్పుడు సీసా మీది లేబుల్ ఊడదీసి కార్డు మీద అంటిస్తారు, బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది. మీ కార్డులో లేబుల్ లేదు. టీకా పేరు పెన్నుతో రాసి ఉంది. పక్కన వేసిన స్టాంపులో డాక్టరు పేరు గానీ, రిజిస్ట్రేషన్ నంబరు గానీ చదవడానికి వీల్లేకుండా అలికేశారు. నులిపురుగుల మందు వేశామని కూడా రాశారు, మలం పరీక్షలో ఏలికపాములు బయటపడ్డాయి. అవి మనుషుల పిల్లలకు కూడా సోకే రకం. మా పాపకు ఆరేళ్లు, రోజంతా దాన్ని ముద్దాడుతూ ఉంటుంది. ఈ ఒక్క అబద్ధంతో మీరు కుక్కపిల్లతోపాటు మా పాప ఆరోగ్యాన్నీ ప్రమాదంలో పెట్టారు.

రిపోర్టులన్నీ పెట్టి మీకు మెయిల్ రాశాను. మీ ప్రతినిధి ఫోన్ చేసి మొదట "కొన్ని పిల్లలు సైజులో చిన్నగానే ఉంటాయి" అన్నారు. పళ్ల గురించి అడిగితే జవాబు లేదు. తర్వాత మీ ఏడు రోజుల హెల్త్ గ్యారంటీలో కడుపుకు సంబంధించిన జబ్బులు రావని చెప్పారు. కొత్త ఇంటికి వచ్చిన చిన్న పిల్లకు మొట్టమొదట వచ్చేదే కడుపు జబ్బు, దాన్ని తీసేశాక ఆ గ్యారంటీలో ఇక మిగిలిందేమిటి? చివరికి ఆయన, "మీకు ఇబ్బందైతే వెనక్కి ఇచ్చేయండి, రీప్లేస్‌మెంట్ పంపిస్తాం" అన్నారు. వెనక్కి ఇస్తే దీన్ని ఏం చేస్తారని అడిగాను. "అది మా టీమ్ చూసుకుంటుంది" అన్నారు. వైద్యం చేయిస్తారా, తల్లి దగ్గరికి చేరుస్తారా, లేక నాలుగు రోజులు ఆగి ఇదే కార్డుతో ఇంకొకరికి అమ్ముతారా అని గుచ్చి గుచ్చి అడిగాను. ఫోన్ పెట్టేశారు.

జున్నును వెనక్కి ఇచ్చే ప్రశ్నే లేదు. అది మా ఇంటి పిల్ల. ఇప్పుడు కుక్కపిల్లల కోసమే అమ్మే పాలపొడి కలిపి కొన్ని గంటలకోసారి పడుతున్నాం, అందులో నానబెట్టిన మెత్తటి ముద్ద కూడా నాకడం నేర్చుకుంది. తువ్వాలు చుట్టిన వేడినీళ్ల బ్యాగ్‌ను పడకలో ఒక పక్కనే పెడుతున్నాం, వేడెక్కువైతే అది అవతలి పక్కకు జరుగుతుంది. ఆరు వారాలు నిండాక అసలైన మొదటి టీకా పడింది, కార్డు మీద లేబుల్ అంటించి మరీ ఇచ్చారు. పదహారు వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి మిగతావి వేయించాలి, మూడు నెలలకు రేబిస్ టీకా. మా అమ్మ ఊరికి టికెట్ రద్దు చేసుకుని దాని కోసమే ఆగిపోయింది. ఇన్ని చేసినా మేం తీర్చలేని లోటు ఒకటి ఉంది. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో కుక్కపిల్ల తోబుట్టువులతో ఆడుకుంటూ నేర్చుకుంటుంది. నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం దాకా తల్లి దగ్గర జరగాల్సిన చదువు అది. దాన్ని మీరు జున్నుకు దక్కనివ్వలేదు. పాప చేతి మీద గాట్లు పడుతున్నాయి, తప్పు జున్నుది కాదు.

ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లో ఉంది. 2018 నాటి పెట్ షాప్ నిబంధనలూ అదే అంటాయి. రెండూ 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద వచ్చినవే. పెంచేవాళ్లయినా, అమ్మేవాళ్లయినా రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. మీ రసీదు మీద ఏ రిజిస్ట్రేషన్ నంబరూ లేదు. ఈ లేఖ రాస్తున్న నాటికి కూడా జున్నుకు ఎనిమిది వారాలు నిండలేదు. చట్టం ప్రకారం దాన్ని ఇవాళ్టికీ అమ్మడానికి వీల్లేదు.

నేను అడుగుతున్నవి చెబుతాను. మిగతా అయిదు పిల్లలను తీసుకున్నవాళ్లకు అసలు వయసు, టీకా పడలేదన్న విషయం, ఆవుపాలు ఆపమన్న మాట వెంటనే తెలియజేసి, తెలియజేశామని నాకు రాతపూర్వకంగా చెప్పండి. వాళ్ల పేర్లు, నంబర్లు నాకు అక్కర్లేదు. ఆ పుస్తకాన్ని యాప్ నుంచి తీసేయండి, వెటర్నరీ డాక్టరు చూసి సంతకం చేసిన తర్వాతే కొత్తది పెట్టండి. జున్నును పెంచి మీకు ఇచ్చినవారి రిజిస్ట్రేషన్ నంబరు, మీ రిజిస్ట్రేషన్ నంబరు పంపండి. తల్లి కుక్క ఎక్కడుందో, ఎలా ఉందో చెప్పండి. నాలుగు వారాలకే పిల్లలను లాగేసుకున్న చోట దాన్ని వెంటవెంటనే మళ్లీ ఈనిస్తున్నారేమోనని నాకు భయంగా ఉంది. ఇక డబ్బు. మేం కట్టిన 28,000, వైద్యానికి అయిన 11,400 రూపాయలు వెనక్కి ఇవ్వాలి. జున్నును తిరిగి అప్పగించాలన్న షరతు పెడితే ఒప్పుకోను. బిల్లులన్నీ జత చేశాను.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. 48 గంటల్లో జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాను. కర్ణాటక జంతు సంక్షేమ బోర్డుకు మాత్రం మీ జవాబు కోసం ఆగకుండా ఈ లేఖ ప్రతిని ఇవాళే పంపుతున్నాను, ఎందుకంటే ఆ అయిదు పిల్లలకు నెల రోజుల గడువు లేదు. నెలలోపు పరిష్కారం దొరక్కపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద బెంగళూరు జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇకపై ఫోన్లు వద్దు. ఏం చెప్పాలన్నా ఈ మెయిల్‌కే జవాబు రాయండి.

ఇట్లు,
జున్ను వాళ్ల అమ్మ, మీ కొనుగోలుదారు
(ఆర్డర్ నంబరు, ఫోన్ నంబరు మెయిల్ సబ్జెక్టులో ఉన్నాయి)

జతపరిచినవి: డాక్టరు గారు రాసిచ్చిన వయసు ధ్రువీకరణ, క్లినిక్ రిపోర్టులు, బిల్లులు, మీ టీకా కార్డు రెండు వైపులా ఫొటోలు, సంరక్షణ పుస్తకం ఏడో పేజీ, మీరు పంపిన వీడియో