గేటు దాటితే మా పనితనం ఎవరికి తెలుస్తుంది? కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను తిరుపతిలో ఐటీఐ చదివాను. టర్నర్ ట్రేడ్, రెండేళ్లు. మొదట ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ (ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కే మిషన్) మీద చేశాను. మా మేస్త్రీ చదివింది ఐదో తరగతే. జాబ్, అంటే చెక్కే ముక్క, తిరుగుతుంటే చప్పుడు విని, "కట్ ఎక్కువైంది, తగ్గించురా" అనేవాడు. ఓనరుతో పడకపోతే బస్సెక్కి చెన్నై దగ్గరి అంబత్తూరు పోయేవాడు. అక్కడి ఫోర్‌మన్ ఒక షాఫ్ట్ (ఇనుప కడ్డీ) చేతికిచ్చి త్రెడ్ (మర) కొయ్యమనేవాడట. గంటలో జీతం తేలిపోయేది.

నేను తొమ్మిదేళ్లుగా ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే సీఎన్‌సీ మిషన్ మీద ఉన్నాను. (పేరెందుకులెండి, ఉద్యోగం ఇంకా కావాలి.) మిషన్ మీద నాకు కోపం లేదు. లేత్ మీద పూటంతా పట్టే జాబ్ నిమిషాల్లో వస్తోంది. పనిని ముక్కలు చేసిన తీరుతోనే ఇబ్బంది. జాబ్ బిగించడం, బటన్ నొక్కడం, గేజ్ పెట్టి సైజు చూడడం మా వంతు. ప్రోగ్రాం, పాస్‌వర్డ్ ఇంజనీర్ దగ్గర. రాత్రి షిఫ్టులో ఇన్సర్ట్ (కోసే మొన) అరిగి సైజు పెరిగితే, ఆఫ్‌సెట్ (ఆ తేడాను సరిచేసే అంకె) ఎంత తగ్గించాలో ఆయనకు ఫోన్లో చెప్పేది మేమే. ఆయన పాస్‌వర్డ్ చెబుతాడు. పొద్దున్నే వచ్చి ఆ పాస్‌వర్డ్ మార్చేస్తాడు.

పోయినేడు సత్యవేడు వైపు ఇంకో కంపెనీకి ఇంటర్వ్యూకి పోయాను. నా ఉద్యోగ కాగితంలో 'ఆపరేటర్' అని ఒక్క మాటే ఉంది. "మా కంట్రోలర్ (మిషన్‌ను నడిపే కంప్యూటర్) వేరు, ట్రైనీగా చేరండి" అన్నారు. ట్రైనీ జీతంతో పిల్లల ఫీజులెట్లా కట్టేది? ఆ టెన్షన్‌తోనే వెనక్కి వచ్చేశాను. కాంట్రాక్టు కుర్రాళ్లకైతే ఆ ఒక్క మాటా రాదు. ఏటా కాంట్రాక్టరు మారుతుంటాడు, వాళ్లు మాత్రం అదే మిషన్ దగ్గర ఉంటారు.

సర్వీసు ముగిస్తే సర్టిఫికెట్ ఇవ్వాలని 1946 నాటి చట్టం కింద వచ్చిన మోడల్ స్టాండింగ్ ఆర్డర్లలో (ఫ్యాక్టరీ ఉద్యోగ నియమాల నమూనాలో) ఉండేది, అదీ పర్మినెంట్ వాళ్లకే. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు అపాయింట్‌మెంట్ లెటర్ అందరికీ తప్పనిసరి చేశాయి. మంచిదే. కానీ అందులో ఉండేది చేరిన రోజు సంగతి. ఆ తర్వాత నేర్చుకున్నది ఎక్కడ రాస్తారు? ఏ మిషన్, ఏ కంట్రోలర్, సెట్టింగ్ వచ్చా రాదా అన్నది మానేసేటప్పుడు రాసిచ్చేలా చూడండి. కాంట్రాక్టు వాళ్లకూ ఫ్యాక్టరీ సంతకంతోనే ఇప్పించండి. పని తెలిసినవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే కేంద్ర పథకం 2015లోనే వచ్చింది కదా. ఆ పరీక్షేదో షిఫ్టు టైములోనే, జీతం కొయ్యకుండా, మేం నడిపే మిషన్ మీదే పెట్టించండి.

ఎప్పుడైనా మా వైపు ఫ్యాక్టరీలు చూడాలనుకుంటే రాత్రి షిఫ్టులో రండి సార్. పగలొస్తే మిషన్‌ను ఇంజనీర్ గారే చూపిస్తారు.

ఇట్లు,
ఒక టర్నర్,
రేణిగుంట