మే నెల బిల్లు చూసి కంపెనీ మారొద్దు

కేంద్ర విద్యుత్ శాఖ మంత్రి మనోహర్ లాల్ గారికి,

నమస్కారం. ఒకే ఊళ్లో అవే తీగల మీద ఒకటికి మించి కంపెనీలు కరెంటు అమ్మవచ్చన్న ఆలోచన 2022 ఆగస్టులో లోక్‌సభలో పెట్టిన విద్యుత్ సవరణ బిల్లులో వచ్చింది. అది మంచిదా కాదా అన్న వాదన ఇక్కడ వద్దు. అలాంటి రోజే వస్తే గుమ్మం దగ్గరికొచ్చే సేల్స్ కుర్రాడు ఏ లెక్క చూపించాలన్నది ముందే తేల్చండి.

తెలంగాణ గృహ టారిఫ్‌నే తీసుకోండి. నెలకు 101 నుంచి 200 యూనిట్ల మధ్య కాలిస్తే మొదటి 100 యూనిట్లు రూ.3.40 చొప్పున, మిగతావి రూ.4.80 చొప్పున. 200 దాటిందంటే మొదటి 200 మొత్తం రూ.5.10కి ఎక్కుతాయి, ఆపై 300 దాకా రూ.7.70. అంటే 200 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ (యూనిట్ల ఖరీదు మాత్రమే) రూ.820, 201కి రూ.1,027.70. పాత సీలింగ్ ఫ్యాను పదమూడు గంటలు తిరిగితే కాలేది ఆ ఒక్క యూనిట్టే!

ఇప్పుడొక కంపెనీ 'శ్లాబుల్లేవు, యూనిట్ ఐదు రూపాయలే' అంటుందనుకుందాం. కూలర్ తిరిగే నాలుగు నెలలు 280, మిగతా ఎనిమిది నెలలు 140 యూనిట్లు కాల్చే ఇల్లు. మే బిల్లులో పాత లెక్క రూ.1,636, కొత్తది రూ.1,400. రూ.236 మిగులు కళ్లెదుటే కనిపిస్తుంది. డిసెంబరులో పాతది రూ.532, కొత్తది రూ.700. ఏడాది మొత్తానికి పాతది రూ.10,800, కొత్తది రూ.11,200. నాలుగొందలు నష్టం. పోనీ ఏడాది యూనిట్లను పన్నెండుతో భాగించి సగటు మీద చూద్దామంటే పాత బిల్లు రూ.9,072 అని తేలుతుంది. అదీ తప్పే, శ్లాబు సగటు మీద పడదు, నెల మీద పడుతుంది.

అందుకే పోలిక ఏదైనా ఆ ఇంటి గత 12 నెలల రీడింగుల మీద, నెలనెలా విడిగా లెక్కకట్టి చూపాలని నిబంధన పెట్టండి. రీడింగు 34 రోజులకు తీసిన నెలను 30 రోజులకు సర్దాలి.

యూనిట్ ధర పక్కన కనిపించనివి ఇంకా ఉన్నాయి. ఫిక్స్‌డ్ ఛార్జీ, ఇంధన సర్దుబాటు, విద్యుత్ సుంకం. ముంబయి శివార్లలో 2009 నుంచే ఒకరి తీగల మీద మరొకరి కరెంటు కొనే వీలుంది. అక్కడ మారినవాళ్లు తీగల యజమానికి వీలింగ్ ఛార్జీ (తీగలు వాడుకున్నందుకు అద్దె), దానిపైన క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ (తక్కువ ధరకు కరెంటు పొందేవాళ్ల భారం పూడ్చే రుసుము) కూడా కట్టాల్సి వచ్చింది. ఇవన్నీ కలిపిన చివరి అంకెనే పెద్ద అక్షరాల్లో వేయించండి.

పాత ఏళ్ల ట్రూ అప్ బకాయి (అంచనాకు మించి అయిన ఖర్చును తర్వాత వసూలు చేసేది) మారిన వినియోగదారు వెంట వస్తుందా? రూఫ్‌టాప్ సోలార్‌తో గ్రిడ్‌కిచ్చి జమ చేసుకున్న యూనిట్లు ఏమవుతాయి? తెలంగాణ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇల్లు మారితే రాయితీ ఎవరి ఖాతాకు చేరుతుంది? కట్టిన డిపాజిట్, ఏసీడీ (వాడకం పెరిగితే అదనంగా కట్టించుకునే డిపాజిట్) వడ్డీతో సహా ఎన్ని రోజుల్లో తిరిగొస్తాయి? ఈ నాలుగింటికీ జవాబులు పోలిక కాగితం మీదే, సంతకం పెట్టే గడికి పైన ఉండాలి.

ఇట్లు,
కరెంటు బిల్లులు లెక్కగట్టి చూసే వినియోగదారులు